కారు ఇన్సూరెన్స్ రెన్యువల్: బేరం ఆడాల్సింది ఏ అంకె మీద?

రెన్యువల్ నోటీసులో కంపెనీ వేసిన అంకె ఆఖరి ధర కాదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తా ముందు నిలబడి ఖరీదుదారు చెప్పే మొదటి రేటు లాంటిదే అది. కాకపోతే ఈ అంకెలో మూడు రకాల డబ్బు కలిసి ఉంటుంది. ఒక భాగం మీద ఎవరు ఎంత మాట్లాడినా పైసా తగ్గదు. ఇంకో భాగం మీద వేలల్లో తగ్గుతుంది. మూడో భాగం కూడా తగ్గుతుంది గానీ, క్లెయిమ్ నాడు ఆ తగ్గింపుకు పదింతలు మీ జేబులోంచి పోతుంది. ఏది ఏదో తెలియకుండా "అన్నా, జర తగ్గించు" అంటే చాలామంది ఏజెంట్లు చేసేది ఒక్కటే: ఐడీవీ (బండి పోతే కంపెనీ లెక్కగట్టి ఇచ్చే విలువ) తగ్గించి కొత్త కోట్ పంపడం. బిల్లు తగ్గుతుంది, మీ బండి విలువ కూడా కాగితం మీద తగ్గిపోతుంది.

నెల రోజుల ముందు మొదలుపెట్టండి

పాలసీ గడువు చివరి తేదీ అర్ధరాత్రితో ముగుస్తుంది. ముందుగా రెన్యువల్ చేసినంత మాత్రాన కొత్త పాలసీ ఆ రోజే మొదలవదు, పాతది ముగిసిన క్షణం నుంచే మొదలవుతుంది. కాబట్టి నెల ముందు కట్టినా ఒక్క రోజు కూడా వృథా పోదు.

ఒక్క రోజు ఆలస్యమైతే మాత్రం పరిస్థితి మారిపోతుంది. సొంత బండి నష్టానికి ఉండే ఓన్ డ్యామేజ్ (ఓడీ) కవర్ మళ్లీ ఇవ్వాలంటే కంపెనీ బండిని చూడాలంటుంది. మనిషిని పంపిస్తుంది, లేదా ఫోన్‌లో బండి చుట్టూ వీడియో తీసి పంపమంటుంది. పాత గీత, సొట్ట ఏదైనా కనిపిస్తే దాన్ని రాసుకుని ఆ భాగానికి కవర్ లేదంటుంది. గడువు దాటి 90 రోజులైతే ఏళ్ల తరబడి కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ వేయనందుకు వచ్చే తగ్గింపు) మొత్తం సున్నా అవుతుంది. ఈ మధ్యలో థర్డ్ పార్టీ కవర్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) కూడా లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. జరిమానా చిన్నదే. ఆ రోజుల్లో ఎవరికైనా బండి తగిలితే పరిహారం మొత్తం ఇంటి మీదికి వస్తుంది.

ఎప్పుడు ముగుస్తుందో గుర్తు లేకపోతే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే తేదీ కనిపిస్తుంది.

పాత పాలసీ తెరిచి పెట్టుకోండి

కోట్‌లు అడిగే ముందు పాత పాలసీ మొదటి పేజీ నుంచి ఐదు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఐడీవీ ఎంత, ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఎంత, ఎన్‌సీబీ ఎంత శాతం, ఏ యాడ్ఆన్‌లు (అదనంగా డబ్బు కట్టి తీసుకునే కవర్‌లు) ఉన్నాయి, వాలంటరీ డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మీరే భరిస్తానని ఒప్పుకున్న మొత్తం) పెట్టి ఉందా లేదా. పక్కన ఆర్సీ పెట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, సీసీ, ఇంధనం సరిపోయాయో చూడండి. పెట్రోలు బండికి తర్వాత ఎల్పీజీ లేదా సీఎన్జీ కిట్ వేయించి ఉంటే అది ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కిందా అని చూడటం మరవద్దు. కిట్‌కు పాత టారిఫ్ (ఒకప్పుడు అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా ఉన్న రేట్ల పట్టిక) ప్రకారం దాని విలువలో 4 శాతం ఓడీ, థర్డ్ పార్టీకి 60 రూపాయలు. ఆ కాస్త మిగిల్చుకుందామని చెప్పకుండా వదిలేస్తే, బండి కాలిన రోజున కంపెనీ మొట్టమొదట పట్టుకునేది ఆ కిట్‌నే.

తగ్గని భాగాన్ని పక్కన పెట్టండి

థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీ నిర్ణయించేది కాదు, కేంద్రం నోటిఫై చేసేది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సొంత కార్లకు ఏడాది రేట్లు ఇవి: 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1000 దాటి 1500 సీసీ వరకు 3,416, ఆపైన 7,897. ఏ కంపెనీలో అయినా, ఏ ఏజెంటు దగ్గర అయినా ఇదే. "మా దగ్గర థర్డ్ పార్టీ తక్కువ" అని ఎవరైనా అంటే అక్కడ ఆగిపోండి, ఆ కాగితం నకిలీది కావచ్చు.

ఇక్కడ చాలామంది కంగారు పడే సంగతి ఒకటుంది. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుతో పాటు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. అందువల్ల మొదటి రెండు రెన్యువళ్లలో ఓడీ మాత్రమే కడతాం. మూడో రెన్యువల్‌కు థర్డ్ పార్టీ కూడా వచ్చి కలుస్తుంది. పోయినేడు ఐదు వేలు కట్టినవాళ్లకు ఈ ఏడు ఒక్కసారిగా నాలుగు వేలు పెరిగినట్టు కనిపిస్తుంది. కంపెనీ పెంచింది కాదది. అలాగే ఆ మొదటి మూడేళ్లలో ఓడీ పాలసీని థర్డ్ పార్టీ ఉన్న కంపెనీలోనే తీసుకోవాలని లేదు. 2019 సెప్టెంబర్ 1 నుంచి ఓడీ విడిగా, ఇష్టమైన కంపెనీలో తీసుకోవచ్చు. షోరూం వాళ్లు ఈ మాట తమంతట తాము చెప్పరు.

మొత్తం ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ. అదీ తగ్గదు.

తగ్గించుకోగలిగే చిన్న ముక్క ఒకటి ఇక్కడే ఉంది: యజమాని-డ్రైవరుకు 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్. ఇది తప్పనిసరే గానీ మనిషికి ఒకటి చాలు, బండికొకటి అక్కర్లేదు. స్కూటీ మీద ఒకటి, కారు మీద ఒకటి కడుతున్న ఇళ్లు ఎన్నో. ఇప్పటికే 15 లక్షల పీఏ కవర్ మీ పేరున ఉంటే ఆ పాలసీ నంబరు చెప్పి డిక్లరేషన్ ఇవ్వండి, కారు బిల్లులోంచి ఆ పద్దు తీసేస్తారు. జీతం ఇచ్చి డ్రైవర్‌ను పెట్టుకున్నవాళ్లు మాత్రం పెయిడ్ డ్రైవర్ లీగల్ లయబిలిటీ అనే 50 రూపాయల పద్దును ఎట్టి పరిస్థితిలోనూ తీయించవద్దు.

బేరం అంతా ఓడీ మీద

ఓన్ డ్యామేజ్ ప్రీమియం లెక్క ఎలా వస్తుందో ఒకసారి చూస్తే ఎవరితో ఏం మాట్లాడాలో అర్థమవుతుంది. పాత టారిఫ్‌లో ఐడీవీ మీద ఒక శాతం ఉంటుంది. కంపెనీలు ఇప్పటికీ దాన్నే ఆధారంగా పెట్టుకుని దాని మీద డిస్కౌంట్ ఇస్తాయి. హైదరాబాద్‌తో సహా ఎనిమిది మహానగరాల్లో రిజిస్టరైన బండ్లు ‘ఏ’ (A) జోన్, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ అన్నీ బీ జోన్. ఐదేళ్లలోపు, 1000 నుంచి 1500 సీసీ కారుకు ‘ఏ’ జోన్‌లో 3.283 శాతం, బీ జోన్‌లో 3.191 శాతం. తేడా పెద్దదేం కాదు. అయినా టీఎస్ 03 నంబరు బండికి ఎవరైనా హైదరాబాద్ ఊరు ఎంచి కోట్ తీస్తే సరిచేయించండి.

ఒక లెక్క కడదాం. ఏడున్నర లక్షల ఎక్స్‌షోరూం ధర ఉన్న 1197 సీసీ కారు, మూడేళ్లు నిండాయి, క్లెయిమ్ ఒక్కటీ లేదు. మూడేళ్లు దాటితే తరుగు 40 శాతం, కాబట్టి ఐడీవీ 4,50,000. దాని మీద 3.191 శాతం అంటే 14,360 రూపాయలు. ఇప్పుడు ఒక కంపెనీ 45 శాతం డిస్కౌంట్ ఇచ్చిందనుకోండి, ఓడీ 7,898. ఇంకో కంపెనీ 65 శాతం ఇచ్చిందనుకోండి, 5,026. రెండింటికీ 35 శాతం ఎన్‌సీబీ తీసేస్తే 5,134, 3,267. థర్డ్ పార్టీ 3,416 కలిపి, జీఎస్టీ వేస్తే మొదటిది 10,089, రెండోది 7,886. అదే బండి, అదే ఐడీవీ, అదే కవర్, 2,203 రూపాయల తేడా. పీఏ, యాడ్ఆన్‌లు ఇందులో కలపలేదు.

ఆ డిస్కౌంట్ శాతం ఏ కంపెనీకి ఎందుకు ఎంత ఉంటుందంటే, ఆ మోడల్‌కు, ఆ ఆర్టీఓ పరిధికి, ఆ వయసు బండికి తమకు వచ్చిన క్లెయిమ్‌లు చూసుకుని వేసుకుంటారు. ఏటా మారుతుంది. పోయినేడు అందరికంటే తక్కువ ఇచ్చిన కంపెనీ ఈ ఏడు ఎక్కువ అడగడం మామూలే. పాత కస్టమర్ అన్న గౌరవంతో వాళ్లంతట వాళ్లు తగ్గిస్తారని ఎదురుచూడొద్దు.

ఐడీవీని ముట్టుకోవద్దు

కోట్ స్క్రీన్ మీద ఐడీవీని అటూ ఇటూ జరిపే గీత ఒకటి ఉంటుంది. చాలా చోట్ల అది కనిష్ఠ విలువ దగ్గర పెట్టి చూపిస్తారు, ప్రీమియం తక్కువగా కనిపించాలని. కాబట్టి మొదట అన్ని కోట్‌లలో ఐడీవీ ఒకటే ఉండేలా సరిచేయండి, ఆ తర్వాతే పోల్చండి.

టారిఫ్ తరుగు వరస ఇది: ఆరు నెలల వరకు 5 శాతం, ఏడాది వరకు 15, రెండేళ్ల వరకు 20, మూడేళ్ల వరకు 30, నాలుగేళ్ల వరకు 40, ఐదేళ్ల వరకు 50. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ ఒప్పుకున్నదే విలువ. అక్కడ మాత్రం హన్మకొండలో అదే మోడల్, అదే ఏడాది సెకండ్ హ్యాండ్ బండి ఎంత పలుకుతోందో నలుగురిని అడిగి ఆ విలువకు దగ్గరగా పెట్టించండి.

4 లక్షల ఐడీవీని 3.2 లక్షలకు దించితే ఓడీలో ఐదో వంతు, అంటే పన్నెండు పదిహేను వందలు మిగులుతాయేమో. బండి దొంగతనానికి పోతే 80,000 తక్కువ వస్తుంది. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్ (బండి పూర్తిగా పోయినట్టు) కింద లెక్కేస్తారు. 4 లక్షలైతే ఆ గీత 3 లక్షల దగ్గర ఉంటుంది. 3.2 లక్షలైతే 2.4 లక్షలకే వచ్చేస్తుంది. షెడ్డులో బాగయ్యే బండిని కూడా తక్కువ డబ్బులకు వదులుకోవాల్సి వస్తుందన్న మాట.

ఎక్కువ పెట్టించుకుంటే ఎక్కువ వస్తుందని అనుకోవడమూ అంతే తప్పు. విలువకు మించి పెంచితే ప్రీమియం పెరగడం తప్ప లాభం లేదు.

ఎన్‌సీబీ మీది, బండిది కాదు

క్లెయిమ్ లేని ఏళ్లు వరసగా ఒకటైతే 20 శాతం, రెండు 25, మూడు 35, నాలుగు 45, ఐదు అంతకు మించి 50. ఓడీ మీదనే, థర్డ్ పార్టీ మీద కాదు. కంపెనీ మారినా పోదు.

పాత కారు అమ్మి కొత్తది కొనేవాళ్లకు మొత్తం ఈ వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద లాభం ఇక్కడే ఉంది. అమ్మాక పాత కంపెనీకి ఫారం 29, 30 (యజమాని మార్పు ఫారాలు) కాపీలు, పాలసీ, కొన్నవాళ్ల పేరున మారిన ఆర్సీ కాపీ ఇచ్చి ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ అడగండి. అది మూడేళ్లు చెల్లుతుంది. 50 శాతం ఉన్న లెటర్ కొత్త కారు మొదటి ఏడాది ఓడీని సగం చేస్తుంది. పన్నెండు లక్షల బండి మీద అది ఎంతవుతుందో షోరూం కొటేషన్‌లో ఓడీ పద్దు చూస్తే తెలుస్తుంది. డెలివరీ తర్వాత లెటర్ తెచ్చి చూపిస్తే పని సాగదు, పాలసీ తీయకముందే ఇవ్వాలి.

పాత బండి కొన్నవాళ్లకు ఇది తిరగబడుతుంది. అమ్మినవాళ్ల ఎన్‌సీబీ మీకు రాదు. పాలసీ వాళ్ల పేరునే ఉంచుకుని నడిపితే థర్డ్ పార్టీ కవర్ ఉంటుంది గానీ మీ సొంత బండి నష్టానికి క్లెయిమ్ నిలబడదు. బండి చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీ మార్పిడికి దరఖాస్తు పెట్టండి, లేదా మీ పేరున కొత్తది తీసుకోండి.

ఏజెంటు తొందరలో క్లెయిమ్ ఉన్నా లేదని నొక్కి 35 శాతం వేయిస్తే వద్దనండి. కంపెనీలు పాత కంపెనీ నుంచి రూఢి చేసుకుంటాయి. మామూలు రోజుల్లో ఎవరూ అడగరు, పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడే తవ్వుతారు. అప్పుడు ఓడీ క్లెయిమ్ మొత్తం పోతుంది.

చిన్న క్లెయిమ్‌ల లెక్క

కోతి సైడ్ మిర్రర్ విరిచింది, వడ్లు ఆరబోసిన రోడ్డు మీద తప్పించబోయి బంపర్ రాయికి తగిలింది. మన ప్రాంతంలో ఇవి ఎక్కువ. ఇలాంటి వాటికి క్లెయిమ్ వేయాలా?

35 శాతం ఎన్‌సీబీ ఉన్నవాళ్లు ఈ ఏడు క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడు 45కు బదులు సున్నా. తర్వాతి ఏళ్లలో 50కి బదులు 20, 25, 35, 45. తేడాలు కూడితే 45, 30, 25, 15, 5, మొత్తం 120 శాతం. అంటే ఒక ఏడాది ఓడీకి 1.2 రెట్లు పోయినట్టు. ఎన్‌సీబీకి ముందు ఓడీ 6,000 అయితే 7,200, దాని మీద జీఎస్టీ వేరే. ఏటా ఐడీవీ తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది కాస్త తక్కువే ఉంటుంది.

ఇటువైపు చూడండి. బంపర్ 4,000, పెయింటింగ్ 2,500. జీరో డెప్ (తరుగు కోయకుండా ఇచ్చే యాడ్ఆన్) లేకపోతే ప్లాస్టిక్‌కు 50 శాతం తరుగు, అంటే 2,000 వస్తుంది. పెయింట్ బిల్లులో 25 శాతాన్ని మెటీరియల్‌గా లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, 2,187 వస్తుంది. ఆపై 1500 సీసీ వరకు బండికి 1,000 కంపల్సరీ డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా కోసే మొత్తం), అంతకు మించితే 2,000. చేతికి వచ్చేది 3,187. దీనికోసం ఏడు వేలు పోగొట్టుకోవడం దండగ. జీరో డెప్ ఉన్నా 5,500 వస్తుంది, అప్పుడూ నష్టమే. మీ ఓడీ అంకెతో ఈ లెక్క ఒకసారి వేసుకుని, ఎంత దాటితే క్లెయిమ్ వేస్తారో పాలసీ వెనుక పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ప్రమాదం జరిగిన రోజు గ్యారేజీ వాళ్లు "ఇన్సూరెన్స్‌లో చేసేద్దాం సార్" అన్నప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

ఈ లెక్క ఒప్పుకున్నవాళ్లకే వాలంటరీ డిడక్టిబుల్ పనికొస్తుంది. ఎలాగూ చిన్న వాటికి క్లెయిమ్ వేయరు కాబట్టి ఆ మొత్తం మీరే భరిస్తానని ముందే చెప్పి ఓడీ తగ్గించుకోవడం అది. పాత టారిఫ్‌లో 2,500 ఒప్పుకుంటే 20 శాతం, గరిష్ఠంగా 750 తగ్గింపు. 5,000కు 25 శాతం, 1,500 వరకు. 7,500కు 30 శాతం, 2,000 వరకు. 15,000కు 35 శాతం, 2,500 వరకు. మొదటి రెండూ పరవాలేదు. 15,000 భారం నెత్తినెత్తుకుని ఏడాదికి 2,500 మిగుల్చుకోవడం ఎవరికో గానీ సరిపడదు. జీరో డెప్‌కు డబ్బు కట్టి దాంతో పాటే పెద్ద వాలంటరీ డిడక్టిబుల్ పెట్టుకోవడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే.

యాడ్ఆన్‌లు: వానను చూసి తీసుకోండి

2023 జూలై చివరి వానలకు హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. 2025 ఆగస్టులో కామారెడ్డి, అక్టోబరు చివర మొంథా తుపానుకు మళ్లీ వరంగల్. నయీంనగర్ నాలా వైపు, హంటర్ రోడ్డు పల్లపు కాలనీల్లో, లేదా చెరువు కింద ఎక్కడ ఇల్లున్నా ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ఆన్ తీసేయించుకోవద్దు.

కారణం ఇది. వరద నష్టం సమగ్ర పాలసీలో కవర్ అవుతుంది, థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఏమీ రాదు. అయితే నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీరు లాగి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దాన్ని వరద వల్ల నేరుగా జరిగిన నష్టంగా చూడరు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందంటారు. ఈ యాడ్ఆన్ లేకుంటే ఇంజిన్ ఖర్చు మీదే. యాడ్ఆన్ ఉన్నా నీళ్లలో తాళం తిప్పకండి. బ్యాటరీ తీగ తీసి, నీటి మట్టం ఎంత వరకు వచ్చిందో ఫొటో తీసి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

జీరో డెప్ ఐదేళ్లలోపు బండ్లకు తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం, ఇనుప భాగాలకు వయసును బట్టి కోత. ఇప్పటి కార్లలో ముందు భాగమంతా ప్లాస్టిక్కే కాబట్టి ఆ కోత చిన్నది కాదు. అద్దానికి మాత్రం తరుగు లేదు. ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు జీరో డెప్‌లో ఒప్పుకుంటారో అడగండి, చాలా కంపెనీలు రెండింటితో ఆపుతాయి. ఐదేళ్లు దాటాక కొన్ని కంపెనీలు ఇవ్వవు, ఇచ్చేవి ఎక్కువ అడుగుతాయి. అప్పుడు దాని ధరను పైన చెప్పిన లెక్కలో పెట్టి చూడండి.

ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిమ్ వేసినా బోనస్ పోకుండా కాపాడేది) 45, 50 శాతంలో ఉన్నవాళ్లకు బాగు, 20 శాతంలో ఉన్నవాళ్లకు దండగ. రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పోతే కొన్న బిల్లు ధర ఇచ్చేది) కొత్త బండికి మాత్రమే. తాళంచెవి, సామాను కవర్‌లు కోట్‌లో టిక్ పెట్టి వస్తాయి, తీసేయండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కార్ల కంపెనీ నుంచి ఇప్పటికే ఉందేమో చూసుకోండి. ఏటూరునాగారం అడవి దారిలో తిరిగేవాళ్లు అది ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితంగా లాక్కెళ్తుందో అడిగి తీసుకోవాలి.

కాజీపేట నుంచి రోజూ రైలెక్కి సికింద్రాబాద్ పోయేవాళ్ల కారు వారంలో ఐదు రోజులు ఇంటి ముందే ఉంటుంది. వాళ్లు కిలోమీటర్ల లెక్కన కట్టే పాలసీ కోట్ కూడా తీయాలి. ఓడోమీటర్ ఫొటో అడుగుతారు. ఒప్పుకున్న కిలోమీటర్లు దాటితే ఓడీ ఆగిపోతుందా, టాప్‌అప్ కొనవచ్చా అన్నది కంపెనీకో తీరుగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం పాలసీలో చదవకుండా డబ్బు కట్టవద్దు.

కోట్‌లు తెచ్చి మాట్లాడటం

కనీసం నాలుగు కోట్‌లు తీయండి: ఇప్పటి కంపెనీది, ఒక ప్రభుత్వ రంగ కంపెనీది, రెండు ప్రైవేటువి. ఒకటి కంపెనీ వెబ్‌సైట్ నుంచి నేరుగా, ఒకటి పోలిక సైట్ నుంచి, ఒకటి ఏజెంటు దగ్గర, ఒకటి షోరూంలో. షోరూంలోనే తీసుకోవాలని బలవంతం లేదు. "బయట తీసుకుంటే మా దగ్గర క్యాష్‌లెస్ అవ్వదు" అంటే, అది (రిపేరు బిల్లు కంపెనీయే నేరుగా గ్యారేజీకి కట్టడం) కంపెనీకీ గ్యారేజీకీ ఉన్న ఒప్పందం మీద ఆధారపడుతుంది, పాలసీ ఎవరు అమ్మారన్న దాని మీద కాదు. కంపెనీ సైట్‌లో హన్మకొండ పిన్‌కోడ్ కొట్టి నెట్‌వర్క్ గ్యారేజీల జాబితా చూడండి. మీరు నిజంగా బండి ఇచ్చే షెడ్డు అందులో లేకపోతే ఐదు వందల తగ్గింపుకు ఆశపడకండి. క్యాష్‌లెస్ లేకుండా లక్ష బిల్లు ముందు కట్టి తర్వాత రాబట్టుకోవడం తేలిక కాదు.

కోట్‌లన్నీ ఒకే ఐడీవీ, అవే యాడ్ఆన్‌లు, అదే ఎన్‌సీబీతో ఉన్నాయని చూసుకున్నాక, ఎన్‌సీబీకి ముందు ఓడీ అంకెను మాత్రం ఒక వరసలో రాయండి. తక్కువ ఇచ్చినవారి కోట్ మీకు నచ్చిన కంపెనీ ఏజెంటుకు వాట్సాప్‌లో పంపి ఇలా అడగండి: "అన్నా, ఐడీవీ నాలుగున్నర లక్షలు, జీరో డెప్, ఇంజిన్ కవర్, 35 ఎన్‌సీబీ. ఓడీ వీళ్లు ఐదు వేలకు ఇస్తున్నరు. ఐడీవీ ముట్టుకోకుండ మీరెంతకు చేస్తరు?" ఇట్లా అడిగితే అవతలివాళ్లకు తప్పించుకునే దారి ఉండదు. వాళ్లకు కంపెనీ ఇచ్చిన డిస్కౌంట్‌లో ఇంకా మిగిలి ఉంటే వాడతారు, లేకపోతే లేదంటారు. ఏజెంటుకు రెండు మూడు వందలు ఎక్కువైనా, క్లెయిమ్ నాడు సర్వేయర్ (నష్టం లెక్కగట్టే మనిషి) వెంట తిరిగే మనిషైతే ఆ డబ్బు దండగ కాదు. ఫోన్ ఎత్తని ఏజెంటుకు మాత్రం ఒక్క రూపాయి కూడా ఎక్కువ.

డబ్బు కట్టే ముందు, కట్టిన తర్వాత

డబ్బు కంపెనీ ఖాతాకే పోవాలి. ఏజెంటు సొంత యూపీఐకి కొట్టమంటే కంపెనీ పేమెంట్ లింక్ పంపమని అడగండి. ప్రీమియం కంపెనీకి చేరితేనే కవర్ మొదలవుతుంది, చెక్కు బౌన్స్ అయితే పాలసీ లేనట్టే.

పాలసీ వచ్చిన రోజే పేరు, బండి నంబరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, ఎన్‌సీబీ శాతం, యాడ్ఆన్‌లు, నామినీ, లోన్ ఉంటే బ్యాంకు పేరు చూడండి. లోన్ తీరిపోయి ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు లోన్ నమోదు) తీసేయించాక కూడా పాలసీలో బ్యాంకు పేరు అట్లాగే ఉండిపోవడం చాలా చోట్ల చూస్తాం. టోటల్ లాస్ అయితే చెక్కు బ్యాంకు పేరున వస్తుంది. తప్పు ఏదున్నా ఎండార్స్‌మెంట్ (పాలసీలో సవరణ) అడగండి. కొన్ని రోజుల తర్వాత ఎంపరివాహన్‌లో కొత్త గడువు తేదీ కనిపించాలి. కనిపించకపోతే పాలసీ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌నే అడగండి, ఏజెంటును కాదు.

ఎక్కువకు కట్టామని తర్వాత తెలిస్తే? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో తెచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కారణం చెప్పకుండానే పాలసీ రద్దు చేసుకోవచ్చు. ఆ ఏడాది క్లెయిమ్ లేకుంటే మిగిలిన రోజులకు ప్రీమియం వాపసు వస్తుంది. ముందు కొత్త పాలసీ తీసుకుని, అది చూపించి పాతది రద్దు చేయించాలి.

సొంత కారు పాలసీ సొంత వాడకానికే. మేడారం జాతర వారంలో తెల్ల ప్లేటు బండిని మనిషికింత అని కిరాయికి తిప్పి దారిలో ప్రమాదమైతే ఓడీ క్లెయిమ్ తిరస్కరిస్తారు. చుట్టాలను తీసుకుపోతే ఇబ్బంది లేదు, డీజిల్ డబ్బులు పంచుకోవడం వేరు, కిరాయి వేరు. ఎక్కినవాళ్లు సర్వేయర్ ముందు "మనిషికి ఆరు వందలు ఇచ్చినం" అంటే చాలు.

కంపెనీ న్యాయంగా చేయలేదనిపిస్తే మొదట వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు, తర్వాత ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్, లేదా 155255 నంబరు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తీర్చే అధికారికి) రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ అడిగేది కాగితాలే కాబట్టి, ఏజెంటు వాట్సాప్‌లో పంపిన కోట్‌లు కూడా చెరపకుండా పాలసీ ముగిసేదాకా ఉంచండి.